టవర్ ఎవరికెంత పంచుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులవి. మొబైల్ టవర్లలోకి వచ్చిన కృత్రిమ మేధ ఏం చేస్తోంది, ఏం చేయలేకపోతోంది అనే అందరూ అడిగారు. కొన్ని ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: రాయగడలో మాది కిరాణా కొట్టు. సాయంత్రం ఏడు దాటితే ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, యూపీఐ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బేరాలు పోతున్నాయి. టవర్లకు ఏఐ పెట్టామని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటున్నాయి కదా, మరి ఇదేమిటండీ?
— వ్యాపారి, రాయగడ

జవాబు: టవర్ నుంచి వచ్చే సిగ్నల్ మీ ఫోన్‌కి ఎంత బలంగా అందుతోందో మాత్రమే ఆ గీతలు చెబుతాయి. మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పవు. 4జీలో టవర్ పంచేది రిసోర్స్ బ్లాకులను. ఒక్కో బ్లాకు వెడల్పు 180 కిలోహెర్ట్జ్. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో (టవర్ వాడే ఒక ఫ్రీక్వెన్సీ పట్టీలో) ఇవి 50, 20 మెగాహెర్ట్జ్ అయితే 100. ఏ ఫోన్‌కి ఎన్ని బ్లాకులో షెడ్యూలర్ అనే ప్రోగ్రాం మిల్లీసెకనుకోసారి తేలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పదిమంది పంచుకున్న ఆ 50 బ్లాకులనే రాత్రి ఎనిమిదింటికి వీధి మొత్తం వీడియోలు చూస్తూ పంచుకుంటుంది.

దీనికి తోడు, సిగ్నల్ సరిగా అందని ఫోన్ ఎక్కువ బ్లాకులు తినేస్తుంది. ఫోన్ తన సిగ్నల్ నాణ్యతను 1 నుంచి 15 దాకా అంకెల్లో టవర్‌కి చెబుతుంది. 15 అన్న ఫోన్‌కి ఒక్కో సింబల్‌లో 5.55 బిట్లు పంపొచ్చు, 1 అన్న ఫోన్‌కి 0.15 మాత్రమే. అంటే అదే ఫైలు పంపడానికి సుమారు 36 రెట్లు బ్లాకులు కావాలి. గోదాముల్లో, మూల గదుల్లో కూర్చుని వీడియో చూసే నలుగురు చాలు, మిగతావాళ్ల వంతు వెనక్కి పోవడానికి.

ఇక యూపీఐ సంగతి. మీ అభ్యర్థన ముందు ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లాలి. టవర్ 20 నుంచి 40 వాట్లతో పంపితే, ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో పంపుతుంది. శ్లాబు కింద, ఇనుప షట్టర్ వెనక కూర్చుంటే టవర్ మాట మీకు వినిపిస్తుంది, మీ మాట టవర్‌కి వినిపించదు. గీతలు నిండుగా ఉండి పేమెంట్ ఆగిపోయే చాలా కేసుల్లో గుట్టు ఇదే.

మీ కొట్టులో ఏది కారణమో తేల్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లో *#*#4636#*#* నొక్కితే చాలా మోడళ్లలో ఫోన్ సమాచారం తెరుచుకుంటుంది. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అన్న అంకెను (టవర్ సిగ్నల్ బలం) గల్లా దగ్గర ఒకసారి, షట్టర్ బయట ఒకసారి, అదీ మధ్యాహ్నం మూడింటికీ రాత్రి ఎనిమిదింటికీ రాసుకోండి. మైనస్ 80 నుంచి 95 మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే బలహీనం. బయట మైనస్ 90, గల్లా దగ్గర మైనస్ 112 ఉంటే తప్పు గోడలది. పేమెంట్ ఫోన్‌ని గుమ్మం దగ్గరకు మార్చండి, లేదా కొట్టుకి బ్రాడ్‌బ్యాండ్ వైఫై పెట్టించండి. రెండు వేళల్లోనూ అంకె ఒకటే ఉండి రాత్రి మాత్రమే నెట్ కుంటుతుంటే అది రద్దీ. అప్పుడు వేరే కంపెనీ రెండో సిమ్ ఉత్తమం.

ఏఐ ఇక్కడ చేసేది ఒకటుంది. 850 మెగాహెర్ట్జ్ క్యారియర్ నిండిపోయి 2300 క్యారియర్‌లో చోటుంటే కొన్ని ఫోన్లను అటు నెడుతుంది. రెండూ నిండితే అదీ చేతులెత్తేస్తుంది. లేని బ్లాకులను పుట్టించడం ఏ ప్రోగ్రాం తరమూ కాదు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ రావట్లేదు’ అనొద్దు. వేళ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, సెల్ ఐడీ (ఫోన్ పట్టుకున్న సెల్ గుర్తింపు సంఖ్య) రాయండి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లో కవరేజీ మ్యాపు పెట్టాలి; మీ వీధి అందులో ఎలా ఉందో కూడా చూసి జతచేయండి.

ప్రశ్న: మేం బీటెక్ చివరి సంవత్సరం. రిసోర్స్ అలోకేషన్‌కి డీప్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ప్రాజెక్టు చేస్తున్నాం. ఒక సెల్, 20 మంది యూజర్లు, 50 బ్లాకులు. రివార్డ్ గ్రాఫు చక్కగా పైకి పోతోంది కానీ సెల్ అంచునున్న ఆరేడుగురికి త్రూపుట్ సున్నా. కోడ్‌లో తప్పుందా సార్? ఎపిసోడ్లు పెంచి చూడమని కొందరంటున్నారు.
— విద్యార్థులు, గుణుపురం

జవాబు: కోడ్ మీరు చెప్పిందే చేసింది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అంటే ప్రోగ్రాం మార్కుల కోసం ప్రయత్నిస్తూ నేర్చుకోవడం; ఆ మార్కే రివార్డ్. దానిగా మీరు మొత్తం త్రూపుట్‌ని (సెకనుకు చేరే డేటాని) పెట్టి ఉంటారు. ఎపిసోడ్లు పెంచితే ఆ ఆరేడుగురు ఇంకా పక్కాగా ఎండిపోతారు.

ఇద్దరే యూజర్లతో చేత్తో లెక్క వేసి చూడండి. టవర్ పవర్ 46 డీబీఎం (40 వాట్లు). 50 బ్లాకులకు పంచితే బ్లాకుకి 29. యాంటెన్నా గెయిన్ 15 కలిపితే 44. 2 గిగాహెర్ట్జ్ దగ్గర పెద్ద సెల్‌కి, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సిమ్యులేషన్లలో వాడే పాత్‌లాస్ (దారిలో సిగ్నల్ తరుగు) సూత్రం: 128.1కి, దూరం కిలోమీటర్లలో తీసుకుని దాని లాగ్‌ని 37.6తో గుణించి కలపడం. నాయిస్ హెర్ట్జ్‌కి మైనస్ 174. 180 కిలోహెర్ట్జ్‌కి 52.6, ఫోన్ నాయిస్ ఫిగర్ 9 కలిపితే మైనస్ 112.4. కిలోమీటరు దూరంలోని ఫోన్‌కి ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత) 28.3 డెసిబెల్స్ వస్తుంది. ఐదు కిలోమీటర్ల దగ్గర పాత్‌లాస్ మరో 26.3 పెరిగి, ఎస్‌ఎన్‌ఆర్ 2కి పడిపోతుంది. షానన్ సూత్రంలో వేస్తే దూరపు ఫోన్‌కి హెర్ట్జ్‌కి 1.37 బిట్లు. దగ్గరి ఫోన్‌కి 9.4 వస్తుంది కానీ 64 క్వామ్ పట్టికలో 5.55 దగ్గర కత్తిరించాలి. ఈ కత్తిరింపు మరిచిపోవడం విద్యార్థుల ప్రాజెక్టుల్లో మహా మామూలు తప్పు, ముందు అది సరిచూసుకోండి.

50 బ్లాకులంటే 9 మెగాహెర్ట్జ్. అన్నీ దగ్గరి ఫోన్‌కే ఇస్తే సెకనుకు 50 మెగాబిట్లు, అన్నీ దూరపు ఫోన్‌కే ఇస్తే 12. మొత్తమే రివార్డ్ అయితే దూరపువాడికి ఒక్క బ్లాకు ఇచ్చినా నష్టమే కాబట్టి ఏజెంట్ ఇవ్వదు. అదే, ఒక్కొక్కరి సగటు త్రూపుట్‌కి లాగ్ తీసి ఆ లాగ్‌ల మొత్తాన్ని రివార్డ్‌గా పెట్టండి: సమయం చెరిసగం అవుతుంది, 25, 6 మెగాబిట్లు వస్తాయి. మొత్తం 50 నుంచి 31కి దిగుతుంది, జైన్ సమానతా సూచీ (1 అంటే అందరికీ సమానం) 0.5 నుంచి 0.73కి ఎక్కుతుంది. పోయిన 19 మెగాబిట్లు అందరికీ పంచినందుకు కట్టిన ఖరీదు. దాన్ని రిపోర్టులో దాచకుండా రాయండి. లాగ్‌ని ఆ క్షణపు త్రూపుట్ మీద కాకుండా, వంద మిల్లీసెకన్లకు తగ్గని సగటు మీద వేయాలి. లేకపోతే ఒక్క మిల్లీసెకను వంతు రాని ప్రతివాడి త్రూపుట్ సున్నా అయి, దాని లాగ్‌తో రివార్డ్ మైనస్ అనంతానికి పోతుంది.

రెండో చిక్కు యాక్షన్లది. 50 బ్లాకుల్లో ఒక్కోదాన్ని 20 మందిలో ఎవరికైనా ఇవ్వొచ్చంటే, మొత్తం పంపకాలు 66 అంకెల సంఖ్య. ఏ డీక్యూఎన్ (డీప్ క్యూ నెట్‌వర్క్) అయినా అక్కడ దారి తప్పుతుంది. అందుకని ప్రతి మిల్లీసెకను పంపకాన్ని పాత ప్రొపోర్షనల్ ఫెయిర్ షెడ్యూలర్‌కే (వేగాన్నీ, వెనకబడినవాళ్లనూ తూచి పంచేది) వదిలేయండి. ఏజెంట్ వంద మిల్లీసెకన్లకోసారి దాని మీట మాత్రమే కదపాలి: వేగానికి ఎంత బరువు, వెనకబడినవాళ్లకు ఎంత బరువు అని. ఐదారు యాక్షన్లు చాలు. నిజమైన నెట్‌వర్క్‌లోనూ ఏర్పాటు ఇలాంటిదే. ఓరాన్ అనే ఓపెన్ రేడియో నెట్‌వర్క్ నిర్మాణంలో 10 మిల్లీసెకన్ల నుంచి సెకను దాకా పట్టే నిర్ణయాలు నియర్ రియల్ టైమ్ కంట్రోలర్‌లోని ఎక్స్‌యాప్‌లనే ప్రోగ్రాంలవి, సెకను దాటినవి నాన్ రియల్ టైమ్ కంట్రోలర్‌వి, మిల్లీసెకను పని బేస్ స్టేషన్‌లోనే. మీ పరీక్షకుడు ‘ఇది టవర్‌లో ఎక్కడ కూర్చుంటుంది?’ అని తప్పక అడుగుతారు.

ఇన్‌పుట్‌గా ఆ క్షణపు ఛానెల్‌ని ఉన్నదున్నట్టు ఇస్తున్నారా? అసలు టవర్‌కి ఫోన్ చెప్పే అంకె కొన్ని మిల్లీసెకన్లు పాతది. కనీసం 5 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి మళ్లీ శిక్షణ ఇవ్వండి. మీ ఫలితాలు కాస్త దిగుతాయి, కానీ నమ్మదగ్గవవుతాయి. యూజర్లు 20 మందే అని నెట్‌వర్క్ ఇన్‌పుట్ బిగించేస్తే 35 మంది రాగానే కూలిపోతుంది. ఒకే చిన్న నెట్‌వర్క్‌ని ఒక్కో యూజర్‌కి విడివిడిగా నడిపి స్కోరు తీసుకుంటే ఆ బాధ లేదు. పోలికకు రౌండ్ రాబిన్ (వంతులవారీ), మాక్స్ సీ/ఐ (సిగ్నల్ బాగున్నవాళ్లకే), ప్రొపోర్షనల్ ఫెయిర్ మూడూ పెట్టండి. శిక్షణలో చూడని స్థానాల్లో, కనీసం ఐదు వేర్వేరు సీడ్‌లతో పరీక్షించండి. సగటుతో పాటు అడుగున ఉన్న 5 శాతం మంది త్రూపుట్ కూడా ఇవ్వండి. అందరి బఫరూ (పంపాల్సిన డేటా వరుస) ఎప్పుడూ నిండుగా ఉండే సిమ్యులేషన్‌లో ప్రొపోర్షనల్ ఫెయిర్‌ని ఓడించడం చాలా కష్టం. కాల్స్, వీడియో, సెన్సార్ల డేటా కలిపి, కొన్నిటికి గడువు పెట్టినప్పుడే లెర్నింగ్‌కి పని దొరుకుతుంది. సిమ్యులేషన్‌కి పైథాన్‌లో జిమ్నాజియం లైబ్రరీ సరిపోతుంది. ఓపికుంటే ఎన్‌ఎస్-3కి ఎన్‌ఎస్3-జిమ్ జోడించండి. ఇంత చిన్న మోడల్‌కి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

గడువు దగ్గరపడితే ఇంకో చిన్న పని ఉంది. ఎస్‌ఎన్‌ఆర్ అంచనాను టవర్ దిద్దుకునే పద్ధతిలో ఒక ప్యాకెట్ పాడైతే 1 డెసిబెల్ దించుతారు, బాగా చేరితే 0.11 పెంచుతారు, అప్పుడు పాడయ్యేవి 10 శాతం దగ్గర నిలుస్తాయి. ఈ స్థిరమైన అడుగుల బదులు బాండిట్ పద్ధతి పెట్టి పోల్చడం నాలుగు వారాల్లో ముగించదగ్గ ప్రాజెక్టు.

ప్రశ్న: కోరాపుట్ జిల్లా ఘాట్ ప్రాంతంలో టవర్ల మెయింటెనెన్స్ చూస్తుంటాను. రాత్రి పన్నెండు దాటాక 1800 క్యారియర్ దానంతటదే పడుకుంటోంది, ఏఐ పవర్ సేవింగ్ అంటున్నారు. కొన్నిచోట్ల పొద్దున లేవదు. పోయి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఊరికే తిరుగుడు ఎక్కువైంది.
— టెక్నీషియన్, కోరాపుట్

జవాబు: టవర్ తినే కరెంటులో పెద్ద వాటా రేడియో యూనిట్లోని పవర్ యాంప్లిఫయర్‌ది. 4జీలో ఒక్క ఫోన్ లేకపోయినా రిఫరెన్స్ సిగ్నళ్లు ప్రతి మిల్లీసెకనూ పోతూనే ఉండాలి కాబట్టి యాంప్లిఫయర్‌కి తెరిపి ఉండదు. అందుకే 700, 850 లాంటి కవరేజీ క్యారియర్ ఒకటి ఉంచి, 1800, 2300 లాంటివి రాత్రిపూట ఆపేస్తారు. బ్లాకుల వాడకం ఒక గీత కిందికి దిగి కొంతసేపు అక్కడే ఉంటే ఆపు, కింది క్యారియర్ మీద భారం ఇంకో గీత దాటితే లేపు: నియమం ఇంతే. ఆ గీతలు టవర్ టవర్‌కీ ఎంత ఉండాలో, ఎప్పుడు దాటబోతోందో ముందే ఊహించడం ఏఐ పని. ఆపే గీత, లేపే గీత మరీ దగ్గరగా ఉంటే క్యారియర్ పడుకుంటూ లేస్తూ ఉంటుంది. ఆపే గీత 10 శాతమైతే లేపేది 35, 40 దగ్గర ఉండటం మేలు.

పొద్దున లేవకపోవడానికి మీ వైపు తరచూ కారణం కరెంటు. రాత్రి సప్లై పోయి, బ్యాటరీ వోల్టేజి పడిపోయి, ప్రాధాన్యం లేని లోడును పవర్ ప్లాంటు (టవర్ దగ్గర కరెంటు పంచే పెట్టె) కోసేస్తే, రేడియో యూనిట్‌కి ‘లే’ అన్న ఆదేశం అందుకోవడానికి కరెంటే ఉండదు. మీరు వెళ్లేసరికి సప్లై వచ్చి అన్నీ బాగుంటాయి. ఇంకో కారణం 2300 లాంటి టీడీడీ (ఒకే పట్టీలో పంపడం, వినడం వంతులవారీగా చేసే) క్యారియర్లది: జీపీఎస్ యాంటెన్నాకి చెట్టు కొమ్మ అడ్డొచ్చి టైమ్ సింక్ పోతే అవి లేవడానికి ఒప్పుకోవు.

బండి తీసేముందు కంట్రోల్ రూమ్‌ని మూడు అడగండి. సెల్ ‘ఎనర్జీ సేవింగ్’ స్థితిలో ఉందా, ‘ఫాల్ట్’ స్థితిలో ఉందా? చివరి ఆదేశం ఎప్పుడు, ఏ సిస్టమ్ నుంచి వచ్చింది? ఆ వేళకి డీసీ వోల్టేజి ఎంత? ‘ఎనర్జీ సేవింగ్’ అయితే అక్కడి నుంచే ఆదేశంతో లేపమనండి. సైట్‌కి వెళ్లాక బ్రేకర్ దించి ఎక్కించడం చివరి మాట కావాలి. లాగ్ తుడిచిపెట్టుకుపోతే అసలు కారణం దొరకదు.

మాకు అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. కరెంటు పోయి టవర్ ఆగిన గంటల్లో ట్రాఫిక్ సున్నా అని రికార్డవుతుంది. ఆ గంటలను తీసేయకుండా మోడల్‌కి ఇస్తే, ‘ఈ ఊళ్లో రాత్రి తొమ్మిదికి జనం ఫోన్ వాడరు’ అని నేర్చుకుని అదే వేళకి క్యారియర్‌ని పడుకోబెడుతుంది. వాడకం ఇంకా తగ్గుతుంది, మోడల్ నమ్మకం ఇంకా పెరుగుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టే. సప్లై పోయిన వేళలు మీ సైట్ డైరీలో ఉంటాయి కదా, వాటిని ప్లానింగ్ వాళ్లకు పంపండి. అలాగే ఘాట్‌లో పక్క టవర్ రెండు కిలోమీటర్లే అని మ్యాపులో కనిపించినా మధ్యలో కొండ ఉంటే అది ఆసరా కాదు. అలాంటి సైట్లను నిద్ర జాబితాలోంచి తీసేయమని పేరుపేరునా రాసివ్వండి.

ప్రశ్న: బరంపురంలో ఠాకూరాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రాత్రుళ్లు పాతబస్తీలో నెట్ చచ్చిపోతుంది. జనం వస్తారని ఏఐకి ముందే తెలియదా?
— పాఠకురాలు, బరంపురం

జవాబు: ఎవరైనా చెబితే తప్ప తెలియదమ్మా. ట్రాఫిక్‌ని ఊహించే మోడళ్లకు మామూలుగా ఇచ్చేది కొన్ని వారాల, నెలల గంటగంటా లెక్కలు. వారం తిరిగే లయ వాటికి బాగా అందుతుంది, రెండేళ్లకోసారి వచ్చే యాత్ర అందదు. యాత్ర తేదీలు, ఊరేగింపు తిరిగే వీధులు ఒక మనిషి కూర్చుని క్యాలెండర్‌లో ఎక్కించాలి.

ఊహించినా ఇంకో గోడ ఉంది. యాత్రలో అందరూ వీడియోలు పైకి పంపుతారు. 2300, 3500 మెగాహెర్ట్జ్ క్యారియర్లలో కాలాన్ని దిగుడుకు (టవర్ నుంచి ఫోన్‌కి) ఎక్కువ, ఎగుడుకు (ఫోన్ నుంచి టవర్‌కి) తక్కువగా ముందే కోసి పెడతారు. ఒక్క టవర్ ఆ కోత మార్చుకుంటే, పక్క టవర్ వాట్లకొద్దీ పంపే వేళకి ఇది ఫోన్ల మిల్లీవాట్లను వినడానికి చెవి పెట్టాల్సి వస్తుంది. ఏమీ వినపడదు. కాబట్టి ఊరంతా ఒకే కోత. మిగిలింది లారీ మీది తాత్కాలిక టవర్లే.

నెట్ అందక ఏరోప్లేన్ మోడ్ వేసి తీయకండి. టవర్‌ని మొదటిసారి పిలవడానికి 4జీ సెల్‌లో ఉన్నవి 64 సంకేతాలే. అందరూ ఒకేసారి కొత్తగా పిలిస్తే అవే ఢీకొంటాయి. గుంపులో పిల్లలు తప్పిపోతే వాట్సాప్ కాల్ కంటే మామూలు కాల్ చేయండి. వోల్టీ (4జీ మీద వెళ్లే మామూలు) కాల్‌కి షెడ్యూలర్ ముందు పీట వేస్తుంది.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చున్నా ఫోన్ ఒకసారి ఒడిశా, ఒకసారి ఆంధ్రా అంటుంది. మారేటప్పుడు కాల్ తెగుతుంది.
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: పాతపట్నం టవర్లు మీకు కూతవేటు దూరం మాస్టారూ. పక్క టవర్ ఇప్పటిదానికంటే సుమారు 3 డెసిబెల్స్ బలంగా, కొన్ని వందల మిల్లీసెకన్లు నిలకడగా వినిపిస్తే ఫోన్‌ని అటు మారుస్తారు. ఈ అంకెలను రోడ్డు రోడ్డుకీ సవరించడం ఏఐ బాగా చేసే పనే. కానీ ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు వేర్వేరు టెలికాం సర్కిళ్లు. నెట్‌వర్క్ కోడ్ వేరు, స్పెక్ట్రం వాటాలు వేరు. మోడల్‌కి ఒక సర్కిల్ లెక్కలే ఇస్తే గట్టు దాటాక తెగిన కాల్ దాని కంట పడదు. తెగినప్పుడల్లా వేళ, ముందూ వెనకా సెల్ ఐడీలు రాసి రెండు సర్కిళ్ల కస్టమర్ కేర్‌కీ పంపండి. అంతదాకా ఇంట్లో ఉన్నప్పుడు వైఫై కాలింగ్ వాడండి. ఇంకో మాట: సెల్ బ్రాడ్‌కాస్ట్ తుపాను హెచ్చరికలు మీ ఫోన్ ఏ టవర్ మీద ఉంటే ఆ టవర్ నుంచి వచ్చేవే. ఆంధ్రా టవర్ పట్టుకున్న రోజున ఒడిశా హెచ్చరిక కోసం రేడియో కూడా వినండి.

ప్రశ్న: మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర మాది. మా టవర్ శాటిలైట్ మీద నడుస్తుందట. సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు. ఏఐ పెడితే బాగుపడుతుందా?
— యువ రైతు, మోటు

జవాబు: పెద్దగా బాగుపడదు. మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య బ్లాకులు ఖాళీగానే ఉండి ఉంటాయి. ఇరుకంతా టవర్ నుంచి బయటికి పోయే దారిలో. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగిన మాట పైకెక్కి దిగి, జవాబు మళ్లీ ఎక్కి దిగేసరికి అర సెకను దగ్గర పడుతుంది. సురక్షిత వెబ్ పేజీ తెరవడానికి ఇలాంటి రాకపోకలు మామూలుగా రెండు మూడు కావాలి. ఆ సన్నటి దారిలో కాల్స్‌నీ పేమెంట్లనీ ముందుకు, వీడియోలను వెనక్కి జరపడం వరకు ఏఐ ఉపయోగపడుతుంది.

2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించిన స్వదేశీ 4జీ టవర్లు 97 వేలకు పైబడి ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం బీఎస్‌ఎన్‌ఎల్‌వి. మీ దగ్గర కొత్త టవర్ లేచినా, పాతదానికి మార్పులు జరిగినా, పరికరం ఎవరిదని కాకుండా వెనక దారి ఫైబరా, మైక్రోవేవా, శాటిలైటా అని అడగండి. చెప్పకపోతే మీరే చూడొచ్చు. తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు ఏదైనా స్పీడ్ టెస్ట్ యాప్‌లో పింగ్ చూడండి. 600 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటే ఇంకా శాటిలైటే. 100 లోపు కనిపిస్తే దారి మారినట్టు. ఆపైన నెట్ కుంటితే, పైన రాయగడ వ్యాపారికి చెప్పిన పరీక్ష మీరూ చేయాలి.